మామూలు గ్లోబా, ఉబ్బెత్తు గ్లోబా?

"నైలు నది కిందనుంచి పైకి ఎలా పారుతుంది?" గ్లోబ్ చూసిన పిల్లలు అడిగే ప్రశ్న ఇది. మంచి ప్రశ్న. ఉత్తరం అనేది దిక్కు, పైకి అనేది ఎత్తు. నైలు బయలుదేరే ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సు సముద్ర మట్టానికి సుమారు 1,134 మీటర్ల ఎత్తున ఉంది. నీళ్లు అక్కడి నుంచి మధ్యధరా సముద్రంలోకి దిగుతాయి. దిగేది ఉత్తరానికి, అంతే. మన గోదావరి కూడా పడమటి కనుమల నుంచి తూర్పుకు దిగుతుంది.

దీన్ని నేర్పడానికి ఏ గ్లోబ్ కొనాలి?

ధర: మామూలుది తక్కువ. కొండలు చేతికి తగిలే ఉబ్బెత్తుది ఎక్కువ.

శ్రమ: మామూలు దానిలో ఎత్తును రంగుల పట్టిక చూసి చెప్పాలి. ఉబ్బెత్తు దానిలో వేలితో తడిమితే చాలు.

పొరపాటు: మామూలుది ఉత్తరాన్ని ఎప్పుడూ పైనే చూపిస్తుంది. స్టాండ్ నుంచి తీసి తలకిందులు చేయండి. ఉత్తర ధ్రువం నేలవైపు తిరిగినా నైలు ఉత్తరానికే పోతుంది. నా దృష్టిలో దీన్ని మించిన పాఠం లేదు. ఉబ్బెత్తు దానిలో ఇంకో చిక్కుంది. 30 సెంటీమీటర్ల గ్లోబ్ మీద 8,848 మీటర్ల ఎవరెస్ట్ నిజానికి 0.2 మిల్లీమీటరే ఉండాలి. చేతికి తగలాలని ఎన్నో రెట్లు పెంచి చేస్తారు. ఆ మాట పిల్లలకు తప్పక చెప్పాలి.

దిక్కుల దగ్గర తడబడే పిల్లలకు మామూలుది సరిపోతుంది. నదులు, కొండల పాఠం మొదలైన తరగతికీ, చూపు లేని పిల్లలకూ ఉబ్బెత్తుదే కొనండి.