చెక్క ఇంట్లో బస: తరలించి కట్టిన ఇల్లా, ఉన్నచోటే బాగుచేసిన ఇల్లా?

పాత చెక్క ఇళ్ళను బాగుచేసి పెట్టిన చిన్న హోటళ్ళు ఫోటోల్లో అన్నీ ఒకేలా ఉంటాయి. నల్లబడిన స్తంభాలు, పెంకుల కప్పు, తెల్ల దుప్పటి పరిచిన మంచం. కానీ వీటిలో రెండు రకాలున్నాయి. కొన్ని ఇళ్ళు కట్టినచోటే ఉంటాయి. కొన్నింటిని ఎక్కడో విప్పి, తెచ్చి, రిసార్ట్ ఆవరణలో మళ్ళీ నిలబెడతారు. మీ బస ఎలా సాగుతుందో రేటింగ్ కన్నా ఈ తేడాయే ఎక్కువగా చెబుతుంది.

తరలించిన వాటిలో మనకు దగ్గరిది కేరళలోని కుమరకోం. వేంబనాడ్ సరస్సు ఒడ్డున కోకోనట్ లగూన్ అనే రిసార్ట్‌కి పడవలో వెళ్ళాలి. కేరళ ఉమ్మడి కుటుంబాల పాత పూర్వీకుల ఇళ్ళను (తరవాడు అంటారు) కొని, విప్పించి, సంప్రదాయ వడ్రంగుల చేత అక్కడ మళ్ళీ కట్టించారు. ఇంటిని విప్పడమేమిటని అనిపించవచ్చు. ఈ ఇళ్ళలో మేకుల పని తక్కువ. దూలం చివరను నాలుకలా చెక్కి, స్తంభంలో తొలిచిన గాడిలోకి దింపి, చెక్క చీల కొడతారు. చీల ఊడదీస్తే దూలం చేతికొస్తుంది. ముక్కముక్కకీ నంబరు వేసి లారీ ఎక్కిస్తే, కొత్తచోట అదే వరసలో బిగించుకోవచ్చు. బాలిలోని ఉబుద్‌లో బంబూ ఇందా అనే హోటల్ జావా నుంచి తెచ్చిన పాత టేకు ఇళ్ళతో మొదలైంది కూడా ఇలాగే. మలేషియాలోని లంకావీ దీవిలో బాన్ టాన్ అనే చోట స్తంభాల మీద నేలకు ఎత్తుగా నిలిచే మలయ్ ఇళ్ళున్నాయి. అక్కడ పిల్లులు ఎక్కువ. పిల్లులంటే పడనివాళ్ళు ఆలోచించుకోవాలి.

తరలింపుతో పెద్ద లాభం బాత్రూమ్. నవ్వకండి, పాత ఇంట్లో సగం గొడవ దానితోనే. ఎలాగూ మళ్ళీ కడుతున్నారు కాబట్టి పైపులు, వైరింగ్ మొదటే అమరుతాయి. కోకోనట్ లగూన్‌లో గది వెనక పైకప్పు లేని బాత్రూమ్ పెట్టారు, వానలో స్నానం చేస్తే వాన మీదే పడుతుంది. ఇళ్ళ మధ్య ఎడం ఉంటుంది, పిల్లలు అల్లరి చేసినా పక్కవాళ్ళు తలుపు తట్టరు. పోయేదల్లా ఇంటి చుట్టూ ఉండాల్సిన ఊరు. మన మండువా లోగిలిలాంటి ఇంట్లోంచి అరుగు దిగితే ఎదురుగా స్విమ్మింగ్ పూల్. ఇల్లు అసలుదే, చిరునామా మాత్రం కాదు.

ఉన్నచోటే నిలిచిన ఇల్లు ఎలా ఉంటుందో చూడాలంటే జపాన్‌లోని క్యోటో వెళ్ళాలి. అక్కడి మాచియాలు వ్యాపారులు, చేతిపనివాళ్ళు ఉన్న ఇళ్ళు. వీధివైపు ఇరుకు, లోపలికి పొడవు. ముందు చెక్క జాలీ, నడుమ గాలీ వెలుతురూ కోసం చిన్న తోట. 2016లో నగరపాలక సంస్థ మొదలుపెట్టిన సర్వేలో దాదాపు 40 వేల మాచియాలు తేలాయి, అంతకు కొన్నేళ్ళ ముందు సుమారు 47 వేలు ఉండేవి. కూల్చి అపార్ట్‌మెంట్ కట్టడం కన్నా అద్దెకివ్వడం నయమని కొందరు వాటిని బసగా మార్చారు. తెల్లారి తలుపు తీస్తే ఎదురింటివాళ్ళు గడప ముందు నీళ్ళు చల్లుతుంటారు. ఆ దృశ్యం రిసార్ట్‌లో దొరకదు.

దానికి తగ్గ కష్టాలూ ఉన్నాయి. మెట్లు ఎంత నిటారుగా ఉంటాయంటే, పెద్ద సూట్‌కేస్ పైకి తీసుకెళ్ళడం ఇద్దరి పని. పరుపు నేలమీదే, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు లేవడానికి గోడ పట్టుకోవాలి. ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి రాత్రి గట్టిగా నవ్వినా పక్కింట్లో వినిపిస్తుంది. చలికాలంలో హీటర్ ఆపితే గది ఇట్టే చల్లబడుతుంది.

టర్కీలోని సఫ్రాన్‌బోలు కూడా ఈ కోవలోదే. 1994 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్న ఊరు. చెక్క చట్రాల మధ్య ఇటుకలు, మట్టి నింపి కట్టిన ఇళ్ళు, వీధి మీదికి పొడుచుకొచ్చిన పై అంతస్తు, కిటికీల వెంబడి పొడవాటి బెంచీలు. పూర్వం గదిలో గోడ బీరువా లోపలే స్నానానికి చోటుండేది. కొన్ని హోటళ్ళు అక్కడే షవర్ బిగించాయి. బట్టలకని బీరువా తలుపు తీస్తే లోపల బాత్రూమ్ ఉంటుందన్నమాట. కాస్త లావుపాటి మనిషికి అందులో తిరగడమే కష్టం.

నా ఓటు మాత్రం ఉన్నచోటే నిలిచిన ఇంటికే. స్నానానికి ఇబ్బందిపడ్డా, ఆ ఇల్లు ఆ వీధికి ఎందుకు సరిపోయిందో రెండో రోజుకే అర్థమవుతుంది. కానీ అమ్మానాన్నలతోనో చంటిపిల్లతోనో వెళ్తుంటే మరో మాట లేకుండా కుమరకోం లాంటిదే మేలు. బాత్రూమ్ టెన్షన్ ఉండదు. పాత ఇళ్ళ గడపలు మాత్రం ఎత్తుగా ఉండొచ్చు, రాత్రిపూట చూసుకుని దాటాలి.

హోటల్ ఖర్చు వద్దు, ఇళ్ళ పనితనం చూస్తే చాలనుకుంటే చెన్నై దగ్గర ముట్టుకాడులో దక్షిణచిత్ర ఉంది. 1996లో తెరిచారు. దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్ళను తెచ్చి నిలబెట్టారు. మన నేతవాళ్ళ ఇల్లూ అందులో ఉంది.

ఏ రకమైనా బుక్ చేసేముందు ఫోన్‌లో రెండు సంగతులు అడగండి. ఇల్లు మొత్తం మాకేనా, ఒక గదేనా? ఒక గదే అయితే పైగది తీసుకోండి, చెక్క నేలమీద పైవాళ్ళు నడిచే చప్పుడు తప్పుతుంది. ఏసీ ఉందని చెప్పినా పలకల సందుల్లోంచి చల్లగాలి బయటికి పోతుంది, కిటికీలు తెరవాల్సి రావచ్చు. అందుకే కిటికీలకు దోమతెర ఉందా అనేది రెండో ప్రశ్న.