హార్బర్ దగ్గర సూర చేప, ఐస్ చూసి కొనండి

వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో నీలం టార్పాలిన్ కింద అమ్మే పిన్ని దగ్గర మొన్న ఆదివారం సూర కొన్నా, అదేనండీ ట్యూనా. అసలు ఈ చేపంటేనే నాకు భయం, పోయినేడు ఒక యాప్‌లో తెప్పిస్తే ముక్కలు గోధుమ రంగుకి మారిపోయి వచ్చాయి, సర్లే పులుసులో పడితే ఏం తెలుస్తుందిలే అని వండేశాం, తిన్న అరగంటకే మొహం ఎర్రబడిపోయి నాలుక మీద మిరియాలు నమిలినట్టు చురచుర, ఒంటి నిండా దద్దుర్లు. ఐస్‌లో పెట్టకపోతే ఈ చేపలో హిస్టమిన్ తయారవుతుందట, ఎంత ఉడికించినా అది పోదని డాక్టర్ చెప్పారు.

పిన్నికి ఇదంతా చెప్తే నవ్వి "సూరకి ఒళ్లు వేడి బాబూ, పట్టగానే ఐసెయ్యాల" అంది. నిజమే. మిగతా చేపల్లా కాదు, ఈదేటప్పుడు కండలో పుట్టే వేడిని దీని రక్తనాళాలు బయటికి పోనివ్వవు. పైగా దీనికి ఆగడం లేదు, నోరు తెరుచుకుని ముందుకి పోతుంటేనే మొప్పల్లోకి నీళ్లొచ్చి ఊపిరాడేది, అందుకని రాత్రీ పగలూ ఈతే. అంత కష్టపడే కండ కాబట్టే ముక్క మటన్‌లా ఎర్రగా ఉంటుంది, మా ఆవిడ కవర్ విప్పి ఇది చేపేనా అని రెండుసార్లు అడిగింది.

పిన్ని దగ్గర సూరలో రెండు రకాలున్నాయి. పొట్ట మీద పొడుగ్గా చారలున్నది నామాల సూర, డబ్బాల్లో వచ్చేది ఎక్కువగా ఇదే. పసుపు రెక్కలది రెక్క సూర, మనిషంత పెరుగుతుంది. నేను చిన్న రెక్క సూర తీసుకున్నా. అడక్కుండానే మొప్ప ఎత్తి చూపించింది, ఎర్రగా ఉంది, కిందా పైనా ఐస్, ముక్క మధ్యలో ఉండే నల్లటి కండ కూడా కోసి తీసేసింది. రేటు వంజరంలో సగం కూడా లేదు.

మైనస్‌లు అంటే నేలంతా జారుడు, ఫోన్‌పే లేదు, తొమ్మిది దాటితే మంచివి అయిపోతాయి. వండటంలో తప్పు మాత్రం నాదే, పులుసులో ఎక్కువసేపు ఉంచితే ముక్క పీచు పీచుగా ఎండిపోయింది, మిగిలినవి ఉప్పూ కారం పట్టించి పెనం మీద అటు రెండు నిమిషాలు ఇటు రెండు నిమిషాలు వేపితే అదిరింది.

ఐదుకి నాలుగు. ఐస్ బాక్స్ మీరే పట్టుకెళ్లండి, ఆమె కవర్‌లో వేసిచ్చిన ఐస్ గాజువాక వచ్చేసరికి నీళ్లయిపోయి నా బండి డిక్కీ ఇంకా వాసనే.