ప్రేమకథ ఎందులో మేలు: నవలా, సినిమానా, సిరీసా?

ఆదివారం ఆబిడ్స్‌లో షాపులు షట్టర్లు దించుకుని ఉంటే వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. మొన్న అక్కడ యద్దనపూడి సులోచనారాణి ప్రేమ నవల ‘సెక్రటరీ’ పాత కాపీ ఒకటి దొరికింది. అరవై అన్నాడు, గీచి గీచి నలభైకి తెచ్చాను. బేరం బాగా కుదిరిందని సంబరపడుతూ నల్లకుంట చేరాక చూస్తే చివరి ఫారం లేదు. పదహారు పేజీలు ఎప్పుడో ఊడి ఎక్కడో పడిపోయాయి.

అదే డిటెక్టివ్ నవలైతే నెత్తి బాదుకునేదాన్ని. ప్రేమ నవలకి అంత బాధ లేదు. హీరోయిన్ జయంతి చివరికి హీరో రాజశేఖరాన్నే చేసుకుంటుందని ఎవరికైనా మొదటి యాభై పేజీల్లోనే తెలిసిపోతుంది. తెలిసి కూడా రాత్రి ఒంటిగంట దాకా లైటు ఆర్పలేదు నేను. ముగింపు తెలిసిన కథ అంతసేపు ఎలా కూర్చోబెట్టింది? ఆ ప్రశ్న పట్టుకుని ఈమధ్య కొన్ని చదివాను, కొన్ని హాల్లో చూశాను, కొన్ని సోఫాలో పడుకుని చూశాను. వంట మాడ్చుకున్న రోజులు కూడా ఉన్నాయి.

నా కొలత ఒకటే. ప్రేమకథలో ఇద్దరి మధ్యా ఏదో ఒక అడ్డం ఉండి తీరాలి. మన కథల్లో చాలాసార్లు అది అపార్థం. ఆ అమ్మాయి పొరపడినప్పుడు నేనూ ఆమెతోపాటు పొరపడ్డానా, లేక ‘పిచ్చిదానా, వాడు మంచివాడే’ అని ముందే తెలిసి పాప్‌కార్న్ తింటున్నానా? మిగతావన్నీ నాకు తర్వాతే.

ముందు ‘సెక్రటరీ’ సంగతే చూద్దాం, ఎందుకంటే అది రెండు రూపాల్లోనూ ఉంది. అరవైల్లో ‘జ్యోతి’ మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. 1976లో కె.ఎస్. ప్రకాశరావు దర్శకత్వంలో రామానాయుడు సినిమాగా తీశారు. అక్కినేని రాజశేఖరం, వాణిశ్రీ జయంతి. నవల పూర్తిచేసిన (పదహారు పేజీలు తక్కువగా పూర్తిచేసిన) వారంలోనే సినిమా కూడా చూశాను, పక్కన అమ్మని కూర్చోబెట్టుకుని.

నవల్లో ఎక్కువ భాగం మనం జయంతి పక్కనే ఉంటాం. రాజశేఖరం గురించి ఆమెకి తెలిసిందే మనకీ తెలుస్తుంది. జయంతి పనిచేసే వనితా విహార్‌లో ఆడవాళ్ల గుసగుసలు, ఎవరో అన్న మాట, అతను ఒకసారి నవ్విన తీరు. అన్నీ పోగేసుకుని ఆమె ఒక అభిప్రాయానికి వస్తుంది, ఆమెతోపాటు మనమూ వస్తాం. అతని మొహం మనకి కనపడదు. ఆ కనపడకపోవడంలోనే ఉంది నవల కిటుకంతా.

సినిమాలో మొహం కనపడుతుంది. అందులోనూ అది అక్కినేని నాగేశ్వరరావు మొహం. ఆయన కారు దిగగానే కేసు కొట్టేసినట్టే. జయంతి అనుమానపడుతుంటే అమ్మకి చిర్రెత్తుకొచ్చింది.

“నాగేశ్వరరావు చెడ్డవాడెలా అవుతాడే? ఆపాటి తెలీదూ ఆ పిల్లకి?”

“మరి పుస్తకం చదివినప్పుడు నువ్వు అనుమానపడలేదా?”

“ఎందుకు పడలేదూ! నాలుగిళ్లకి ఒక్క పత్రిక వచ్చేది. మన వంతు వచ్చేసరికి పదో తారీఖు. మళ్లీ సంచిక దాకా నెలంతా ఆ రాజశేఖరాన్ని తిట్టుకుంటూనే ఉన్నాం.”

ఇది సినిమా తీసినవాళ్ల తప్పని నేననను. స్టార్ ఉన్న ప్రేమకథలన్నిటికీ ఉన్న ఇబ్బందే ఇది. హీరోని చూడ్డానికే డబ్బులిచ్చి వచ్చినవాళ్లు హీరోని ఎంతసేపని అనుమానిస్తారు? అయితే వాణిశ్రీకి దక్కాల్సింది దక్కాలి. జయంతి ఆత్మాభిమానం చెప్పడానికి నవల పేజీలకు పేజీలు ఖర్చు పెడుతుంది. వాణిశ్రీ గడ్డం అంగుళం పైకెత్తి ఆ పని ముగిస్తుంది. నవల్లో ఆ ఆత్మాభిమానం రెండుమూడు చోట్ల నాకు విసుగు పుట్టించిన మాట కూడా నిజం. ఆ రోజుల్లో ఉద్యోగానికి గడప దాటుతున్న అమ్మాయిలకి అదెంత ధైర్యమిచ్చి ఉంటుందో ఊహించగలను. కానీ పొడుగు, డబ్బు, కారు, మౌనం అన్నీ ఒక్కడికే ఉన్న హీరోని ఇవాళ చదువుతుంటే కొంచెం నవ్వొస్తుంది. నవ్వుతూనే పేజీ తిప్పాను లెండి.

ఇక సిరీస్. పోలిక సరిగ్గా ఉండాలని ఇక్కడా నవలలోంచి వచ్చినదాన్నే పట్టుకున్నాను. నెట్‌ఫ్లిక్స్‌లో ‘బ్రిడ్జర్టన్’ రెండో సీజన్, 2022లో వచ్చింది, ఎనిమిది ఎపిసోడ్లు. దానికి మూలం జూలియా క్విన్ 2000లో రాసిన ‘ది వైకౌంట్ హూ లవ్డ్ మీ’. రెండు వందల ఏళ్ల కిందటి లండన్, దొరల పెళ్లి సంబంధాలు. నవల్లో హీరోయిన్ ఇంగ్లీషు పిల్ల. సిరీస్‌లో ఆమెని ఇండియా నుంచి వచ్చిన కేట్ శర్మగా మార్చారు. నాన్నని ‘అప్పా’ అంటుంది, చెల్లెలు ఈమెని ‘దీదీ’ అంటుంది, ఈమె చెల్లెల్ని బెంగాలీలో ‘బోన్’ అంటుంది. ఏ ఊరి కుటుంబమో దేవుడికే తెలియాలి. అయినా పెళ్లికి ముందు నలుగు పెట్టే సీన్ వచ్చినప్పుడు సోఫాలో లేచి కూర్చున్నాను.

ఈ కథకి కీలకం ఒక తేనెటీగ. హీరో ఆంథనీ తండ్రి తేనెటీగ కుట్టి చనిపోయాడు. అలాంటి తేనెటీగే కేట్‌ని కుడుతుంది, అతను భయంతో పిచ్చివాడైపోతాడు. నవల్లో ఆ కంగారులో ఇద్దరూ పెద్దవాళ్ల కంట పడతారు, పరువు కోసం పెళ్లి చేసేస్తారు. అంటే పుస్తకం సగంలోనే పెళ్లైపోతుంది. మిగతా సగమంతా పెళ్లయ్యాక మనసు విప్పుకోవడం, నాన్నలాగే తనూ చిన్న వయసులోనే పోతానన్న అతని భయం. సిరీస్‌లో తేనెటీగ కుడుతుంది గానీ ఎవరూ చూడరు. అతను వెళ్లి కేట్ చెల్లెల్ని చేసుకుంటానంటాడు. ఆరో ఎపిసోడ్‌లో పెళ్లి పీటల దాకా వచ్చి ఆగుతుంది. ఆ తర్వాత ఇంకా రెండు ఎపిసోడ్లు.

ఎందుకలా మార్చారో చూడగానే అర్థమవుతుంది. ఎనిమిది గంటలు నిలబెట్టాలంటే అడ్డం చివరిదాకా ఉండాలి. నాలుగో గంటలో పెళ్లి చేసేస్తే సగంమంది లేచిపోతారు. నిజం చెప్పాలంటే చూసేటప్పుడు సిరీసే నన్ను ఎక్కువ కట్టిపడేసింది. ఆ చూపులు, ఒకే గదిలో ఇద్దరూ ఊపిరి బిగబట్టడం, అవి పుస్తకంలో అంతగా లేవు. కానీ మర్నాడు ఆఫీసులో కూర్చుంటే గుర్తొచ్చింది పుస్తకంలోని పెళ్లయ్యాక సగమే. కట్టుకున్నవాడు రాత్రిళ్లు దేనికి భయపడుతున్నాడో మెల్లగా తెలుసుకోవడం. నాకు పెళ్లై పద్దెనిమిదేళ్లైంది కాబట్టేమో.

ఒక తేడా చెప్పాలి. ఈ ఇంగ్లీషు రొమాన్సులో రచయిత్రి ఒకసారి ఆమె మనసులోకి, ఒకసారి అతని మనసులోకి తీసుకెళ్తుంది. ఇద్దరి చేతిలో పేకముక్కలూ మనకి కనపడతాయి. అది వేరే సరదా. యద్దనపూడి ఒకరి ముక్కలే చూపించి ఆడిస్తుంది. నా ఓటు ఆవిడకే.

సిరీస్ మీద ఇంత చెప్పి దానికున్న అసలు బలం చెప్పకపోతే అన్యాయం. కొరియా వాళ్ల ‘క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ’ పదహారు ఎపిసోడ్లు, ఒక్కోటీ గంట పైమాటే. దక్షిణ కొరియా డబ్బున్న అమ్మాయి పారాగ్లైడింగ్‌లో సుడిగాలికి కొట్టుకుపోయి ఉత్తర కొరియాలో ఒక కెప్టెన్ ముందు పడుతుంది. ఇక్కడ అపార్థాలతో పని లేదు, సరిహద్దే అడ్డం. అది నిజమైన అడ్డం కాబట్టి ఎన్ని గంటలైనా నిలబడింది. నాకు మాత్రం ఆ జంట కన్నా ఊళ్లో నలుగురు ఆడవాళ్లు ఎక్కువ నచ్చారు. కరెంటు పోతే చేరి చెప్పుకునే కబుర్లు, కొత్తగా వచ్చిన పిల్ల మీద ఆరాలు. అచ్చం మా కాలనీ. రెండున్నర గంటల సినిమాలో వాళ్లకి రెండు జోకులు దక్కేవి.

మరి హాలు పని అయిపోయినట్టేనా? కాదు. 2025 సెప్టెంబరులో ‘లిటిల్ హార్ట్స్’ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో చూశాను. మౌళి, శివానీ నాగరం. ఎంసెట్ పోయి లాంగ్ టర్మ్ కోచింగ్‌లో పడ్డ పిల్లాడి ప్రేమ. కథగా చెప్తే అందులో ఏముంది అంటారు. నా వెనక వరసలో కూర్చున్న కుర్రాళ్లంతా ఆ కోచింగ్ బెంచీల మీద అరిగిపోయినవాళ్లే, ప్రతి డైలాగుకీ ఒకర్నొకరు కొట్టుకుని నవ్వారు. వాళ్ల నవ్వు చూసి నాకు నవ్వాగలేదు. తర్వాత ఇంట్లో ఒక్కదాన్నే చూస్తే అందులో సగం కూడా నవ్వలేదు. నవ్వించే ప్రేమకథైతే హాలుకే వెళ్లండి, అదీ మొదటి వారంలో. ఏడిపించేదైతే ఇంట్లో చూసుకోవచ్చు. హాల్లో ఏడుస్తుంటే సరిగ్గా అప్పుడే పక్కనున్నాయన సమోసా కోసం లేస్తాడు.

ఖర్చు మాట కూడా ఒక్క ముక్క. మల్టీప్లెక్స్‌లో టికెట్ 295, నలుగురం వెళ్తే పాప్‌కార్న్‌తో కలిపి నెల పాల బిల్లు దాటుతుంది. నా పుస్తకం నలభై. చివరి ఫారం లేకుండా.

నా లెక్కని తప్పని నిరూపించిన సినిమా ఒకటుంది, ‘సీతారామం’. 2022 ఆగస్టులో చూశాను, మొన్న మళ్లీ చూశాను. సైన్యంలో ఉన్న అనాథ రాముడికి ఎవరో సీతామహాలక్ష్మి భార్యనంటూ ఉత్తరాలు రాస్తుంది. రాముడు రాసిన చివరి ఉత్తరం ఇరవై ఏళ్ల తర్వాత ఒక అమ్మాయి చేతికొస్తుంది. దాన్ని అందించడానికి ఆమె మన హైదరాబాద్‌కే వచ్చి వెతుకుతుంది. ఆ సీత ఎవరన్నది సగం సినిమా దాకా మనకి తెలియనివ్వరు. అంటే దర్శకుడు హను రాఘవపూడి నవల కిటుకునే తెర మీద వాడాడు. మొహం చూపిస్తూనే మనిషిని దాచాడు. స్టార్ మొహం ఉన్నా దాచొచ్చని దాంతో తేలింది, దాచేది వాడి మంచితనం కాకుంటే చాలు.

అయినా నన్ను ఒకటే ఎంచుకోమంటే నవలే. అపార్థం ఉన్న కథ పుస్తకంలో, నిజమైన అడ్డం ఉన్న కథ సిరీస్‌లో, నవ్వు ఉన్న కథ హాల్లో అని పంచితే ఎవరికీ అన్యాయం జరగదు గానీ, నాకు అపార్థాలే ఇష్టం. మా చెల్లెలు ఒప్పుకోదు. ఉప్పల్ నుంచి మెట్రోలో నిలబడి వెళ్లేటప్పుడు చేతిలో పుస్తకం ఎక్కడ పట్టుకోను, ఫోన్లో ఎపిసోడే మేలంటుంది. “వెయిట్ చేసే ఓపిక ఎవరికుందక్కా?” అని దాని వాదన. ఓపిక లేనిది చూసేవాళ్లకే. 2024లో ‘బ్రిడ్జర్టన్’ మూడో సీజన్‌ని నెట్‌ఫ్లిక్స్ వాళ్లే రెండు ముక్కలు చేసి మధ్యలో సుమారు నెల రోజులు ఆపారు. ఆ నెలంతా ఇది నాకు ఫోన్ చేసి ఏమవుతుందో ఏమోనని టెన్షన్ పడింది. అమ్మ పక్కనుంచి విని, “మా జ్యోతిలాగే ఉందే” అంది.

ఊడిపోయిన పదహారు పేజీల కథ అమ్మనే అడిగాను. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అరగంట చెప్పింది. మధ్యలో ఒక పాట కూడా వచ్చింది, దాంతో సినిమా ముగింపూ పుస్తకం ముగింపూ ఆవిడ బుర్రలో ఎప్పుడో కలిసిపోయాయని అర్థమైంది. వచ్చే ఆదివారం మళ్లీ ఆబిడ్స్ వెళ్తాను. ఈసారి చివరి పేజీ ఉందో లేదో చూసి మరీ కొంటాను. చూస్తానంతే, అక్కడ నిలబడి చదవను.