ఒకే షేడ్ ఈ-మ్యాక్స్ క్యాప్‌లు, రెండు రంగులు: ఐదారేళ్లు వాడాక నా మాట

పైన ముందు పళ్లు రెండింటికీ ఈ-మ్యాక్స్ అనే సెరామిక్ క్యాప్‌లే. ఒకే ల్యాబ్, ఒకే షేడ్, ఏ2. ఇన్నేళ్లలో ఒక్క పెచ్చు ఊడలేదు, రోజూ టీ, పండుమిరప పచ్చడి తిన్నా మరక పట్టలేదు, కొరకడంలో వంక పెట్టడానికేం లేదు. నా గొడవల్లా రంగుతోనే. ఎడమది అచ్చం పన్నులా ఉంటే, కుడిది చిగురు దగ్గర బూడిద రంగు కొడుతుంది.

క్యాప్‌లో లోపం లేదు, తేడా అంతా కిందే. ఎడమది నరం బతికున్న పన్ను. కుడిదానికి ఎప్పుడో రూట్ కెనాల్ చేసి వేరులోకి మెటల్ పోస్ట్, అంటే క్యాప్‌కి ఆధారంగా ఉండే లోహపు పుల్ల, దించారు, పన్ను కూడా అప్పటికే గోధుమ రంగుకు తిరిగింది. ఈ-మ్యాక్స్ అంటే లిథియం డైసిలికేట్ అనే గాజు లాంటి సెరామిక్, వెలుతురు దాని లోపలికి దిగి కిందున్న పంటికి తగిలి తిరిగొస్తుంది కాబట్టే అంత సహజంగా కనిపిస్తుంది, కానీ కింద నల్లగా ఉంటే ఆ నలుపూ పైకి తేలుతుంది. పల్చటి తెల్లచొక్కా కింద నల్ల బనియన్ వేసినట్టన్నమాట. చిగురు అంచున క్యాప్ మరీ పల్చన, అందుకే అక్కడ ఎక్కువ. ఫోన్ టార్చ్ పళ్ల వెనక పెట్టి అద్దంలో చూస్తే ఎడమది నారింజ రంగులో వెలుగుతుంది, కుడిదాని మధ్యలో పోస్ట్ నల్లటి పుల్లలా నిలబడుతుంది.

తర్వాత సూర్యారావుపేటలో ఇంకో డాక్టర్‌కి చూపిస్తే విషయం తేలింది. నాకు మొదట వేసినవాళ్లు ట్యూబ్‌లైట్ కింద షేడ్ కార్డు పట్టి చూసి ల్యాబ్‌కి ఆ నంబరొక్కటే పంపారు. అరగదీసిన పంటి రంగు కూడా చెప్పి ఉంటే ల్యాబ్‌వాళ్లు వెలుతురు తక్కువ పారే హెచ్‌ఓ రకం దిమ్మతో చేసి, పైన పోర్సలిన్ పొరలు వేసేవాళ్లట. లేదా మెటల్ మీద ముందే తెల్లటి పూత వేసి దాచొచ్చు. క్యాప్ అతికించే సిమెంట్‌నే రంగుది వాడి సరిపెట్టేద్దామంటే అది అంత పల్చటి పొర, కొద్ది తేడాకే పనికొస్తుంది. జిర్కోనియా అనే ఇంకో రకం సెరామిక్ అయితే కప్పేస్తుంది అంటారు గానీ, అందులోనూ బాగా పారదర్శకంగా ఉండేవి ఉన్నాయి, వాటితో మళ్లీ ఇదే కథ.

నరం బతికున్న పంటికైతే ఈ-మ్యాక్స్ కళ్లు మూసుకుని వేయించుకోండి. నల్లబడ్డ పన్నో, మెటల్ పోస్టో ఉంటే మాత్రం సిమెంట్ పెట్టకముందే ట్రయల్ పేస్ట్‌తో (సిమెంట్ రంగులోనే ఉండి, కడిగితే పోయే పేస్ట్) తాత్కాలికంగా పెట్టి చూపించమని అడిగి, కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూసుకోండి. ఒకసారి అతికించాక మార్చాలంటే క్యాప్ కోసి తీయడమే. నా పోస్ట్ లాగితే వేరు చిట్లే ప్రమాదం ఉందన్నారు, అందుకే నేను దాని జోలికి పోలేదు.