ఒక్క రచన కోసం అయిదు రోజులు: గ్రనాడాలో పొందిన గిటార్ శిక్షణపై సమీక్ష

దక్షిణ స్పెయిన్‌లోని గ్రనాడా నగరంలో, ప్లాసా నువేవా అనే కూడలి నుండి అల్‌హంబ్రా కోట ఉన్న కొండ మీదికి కువెస్తా దె గోమెరెస్ అనే వీధి ఎక్కుతుంది. ఎక్కుడు బాగా నిటారుగా ఉంటుంది, దారి పొడవునా గిటార్లు తయారుచేసేవారి పనిశాలలు కనిపిస్తాయి. ఆ వీధికి ఆనుకుని ఉన్న ఒక సందులో, మొదటి అంతస్తు గదిలో, ఒక స్పానిష్ గురువుగారు కొద్దిమంది విద్యార్థులకు అయిదు రోజుల శిక్షణ ఇస్తారు. ఆ అయిదు రోజులూ నేర్పేది ఒకే ఒక్క రచన: స్పానిష్ గిటార్ విద్వాంసుడు ఫ్రాన్సిస్కో తారెగా రాసిన "రెకువెర్దోస్ దె లా అల్‌హంబ్రా", అంటే అల్‌హంబ్రా జ్ఞాపకాలు. రోజుకు ఒక గంట విడిగా, మరో గంట నలుగురితో కలిసి. మొత్తం రుసుము 320 యూరోలు. ప్రయాణం, బస ఖర్చులు కలుపుకుంటే నా వంటి ఉద్యోగికి అది తేలికగా తీసిపారేయదగిన మొత్తం కాదు కనుక, వెళ్ళాలనుకునేవారికి ఉపయోగపడుతుందని నా అనుభవాన్ని వివరంగా రాస్తున్నాను. ఈ శిక్షణలో విడిగా చెప్పిన పాఠాలు పెట్టిన ప్రతి యూరోకూ తగినవి. నలుగురితో కలిసి కూర్చున్న గంటలు మాత్రం ఆ స్థాయికి రాలేదు.

నేను విశాఖపట్నంలో ఉక్కు తీగల గిటార్‌పై సినిమా పాటలు వాయిస్తూ నేర్చుకున్నవాణ్ణి. ఉద్యోగరీత్యా మ్యూనిక్‌కు వచ్చిన తరువాతే నైలాన్ తీగల గిటార్ చేతబట్టి, గత ఆరేళ్ళుగా ఈ రచనతో కుస్తీ పడుతున్నాను. స్వరాలన్నీ కంఠస్థం, మొదటి నుండి చివరిదాకా ఆగకుండా వాయించగలను. అయినా వినేవారికి అది కుట్టుమిషను చప్పుడులా వినిపిస్తోందన్న సంగతి నాకు తెలుస్తూనే ఉండేది. దానికి కారణం నా కుడిచేతి వేగం చాలకపోవడమేనని నమ్మి, ఆరేళ్ళూ వేగం కోసమే సాధన చేశాను. ఆ నమ్మకం తప్పని మొదటి గంటలోనే తేలింది.

తారెగా 1852లో స్పెయిన్ తూర్పు తీరానికి చేరువలో ఉన్న విలారెయాల్‌లో పుట్టి, 1909లో బార్సెలోనాలో కన్నుమూశారు. పెద్ద సభల కన్నా, ఇంట్లో కొద్దిమంది మిత్రుల మధ్య వాయించడాన్నే ఎక్కువగా ఇష్టపడిన మనిషి. ఈ రచన 1899 నాటిది. దీని రూపం చూడడానికి చాలా సరళం: బొటనవేలు మంద్ర స్థాయి తీగల మీద ఒక్కొక్క స్వరాన్నీ విడివిడిగా మీటుతూ పోతుంది, బొటనవేలి ప్రతి మీటు తరువాతా ఉంగరపు వేలు, మధ్య వేలు, చూపుడు వేలు వరసగా పై స్థాయి తీగ మీద ఒకే స్వరాన్ని మూడు సార్లు మీటుతాయి. దీనినే ట్రెమొలో అంటారు. మూడు బీట్ల బార్‌లో, అంటే తాళపు ఒక ఆవర్తంలో, బొటనవేలికి 6 మీట్లు, మిగిలిన మూడు వేళ్ళకూ కలిపి 18, వెరసి 24. నిమిషానికి 60 బీట్ల నడకలో వాయించినా సెకనుకు 8 మీట్లు పడతాయి. గిటార్ మీద మీటిన స్వరం వెంటనే క్షీణిస్తుంది, వయొలిన్‌లా దానిని సాగదీయలేము. కనుక ఒకే స్వరాన్ని వెంటవెంటనే మీటి, అది నిలిచి ఉన్నదన్న భ్రమ కలిగించడమే ఈ పద్ధతి ఉద్దేశం.

మొదటి రోజు గురువుగారు నన్ను పూర్తిగా వాయించనివ్వలేదు. మొదటి ఎనిమిది బార్లు విని, చెయ్యి ఎత్తి ఆపి, "ఇక నుండి రేపటి దాకా మూడు వేళ్ళకూ సెలవు" అన్నారు. ఆ గంటంతా బొటనవేలి స్వరాలు మాత్రమే వాయించాను. ట్రెమొలో తీసేసిన తరువాత మిగిలినది ఏమిటో ఆరేళ్ళలో నేను ఒక్కసారి కూడా వినలేదని అప్పుడు తెలిసింది. అది తనంతట తాను నిలబడగల సంగీతం. మంద్ర స్వరం మీద అడుగు మోపి, మెట్లు ఎక్కినట్టు పైకి పోయి, మళ్ళీ దిగివచ్చే ఒక నడక. స్వరపత్రం మీద తారెగా రాసిన సూచన కూడా "అందాంతె" అనే, అంటే నడక వేగం. నేను మాత్రం ఇన్నాళ్ళూ దానిని పరుగుపందెంగా వాయించాను. బొటనవేలు ప్రతి అడుగునూ ఒకే బరువుతో వేస్తే వినేవారికి నడక వినిపించదు; బార్ మొదటి స్వరానికి కొద్దిగా బరువు, పైకి పోయేటప్పుడు తేలిక, దిగేటప్పుడు స్వల్పమైన నిదానం ఉండాలి. ఈ ఒక్క మాట మనసుకు పట్టించడానికి ఆవిడ రెండు పూటలు వెచ్చించారు. ఆ సమయం వృథా అని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

రెండో రోజు దీనికి తలకిందులైన పని చేయించారు. ట్రెమొలో లేకుండా, పైన నడిచే రాగాన్ని మాత్రం ఒకే వేలితో, స్వరానికి ఒక్క మీటు చొప్పున వాయిస్తూ నోటితో పాడమన్నారు. మొదటి బార్ అంతా పైన ఒకే స్వరం నిలిచి ఉంటుంది. ఆ స్వరాన్ని పాడేటప్పుడు ఊపిరి ఎక్కడ తీసుకుంటానో, వాయించేటప్పుడు అక్కడ వేళ్ళు కూడా ఊపిరి తీసుకోవాలని ఆవిడ పట్టుబట్టారు. వాక్యం ఎక్కడ ముగుస్తుందో తెలియకుండా కేవలం వేళ్ళను కదిపినందువల్లనే నా వాయింపు కుట్టుమిషను చప్పుడులా ఉండేది.

మూడో రోజు పాఠం ఒక్కటి చాలు, ఈ శిక్షణకు వెళ్ళి రావడానికి. గురువుగారు ఒక చేతిరుమాలును నాలుగు మడతలు పెట్టి, తీగలు కట్టే బ్రిడ్జి పక్కన తీగల కింద దూర్చారు. ఇక స్వరం పలకదు, తీగ మీద వేలు పడిన చప్పుడు మాత్రమే వినిపిస్తుంది. ఆ స్థితిలో నన్ను నిదానంగా ట్రెమొలో వాయించమని, ఆవిడ కళ్ళు మూసుకుని విన్నారు. నాలుగు మీట్లూ సమానంగా పడుతున్నాయని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. రుమాలు పెట్టిన తరువాత అసలు సంగతి బయటపడింది: చూపుడు వేలు పడగానే బొటనవేలు తొందరపడి వచ్చేస్తోంది, బొటనవేలి తరువాత చిన్న ఖాళీ మిగులుతోంది, వినేవారి చెవికి అది గుర్రపు డెక్కల శబ్దంలా తగులుతోంది. పైగా ఉంగరపు వేలు మిగతా రెంటికన్నా గట్టిగా పడుతోంది. దీనికి ఆవిడ చెప్పిన మందు సులభమైనదే: ఒక నిమిషం ఉంగరపు వేలికి, మరో నిమిషం మధ్య వేలికి, ఇంకో నిమిషం చూపుడు వేలికి ఊనిక మారుస్తూ వాయించడం, వేగం జోలికి పోకపోవడం. ఇంటికి వచ్చాక కూడా రోజూ పదిహేను నిమిషాలు రుమాలుతోనే సాధన చేస్తున్నాను. ఈ రచనలో కొన్ని చోట్ల రాగం రెండో తీగ మీదికి దిగుతుంది; అక్కడ వేళ్ళు అటూ ఇటూ ఉన్న తీగలను తాకే ప్రమాదం ఎక్కువ కనుక, ఆ చోట్లకు ఈ పద్ధతి మరీ పనికివచ్చింది.

గోళ్ళ గురించి జరిగిన చర్చ కూడా చెప్పుకోదగ్గది. తారెగా తన చివరి సంవత్సరాల్లో గోళ్ళు లేకుండా, వేలి కొసల కండతోనే మీటేవారు. ఆయన వాడినవి పేగుతో చేసిన తీగలు. నైలాన్ తీగలు ఆయన పోయిన తరువాత నాలుగు దశాబ్దాలకు గాని వాడుకలోకి రాలేదు. ఈ గ్రనాడాలోనే పెరిగిన ప్రసిద్ధ గిటార్ విద్వాంసుడు ఆంద్రెస్ సెగోవియా గోటితో మీటే పద్ధతిని ప్రపంచమంతటా వ్యాపింపజేశారు. కాబట్టి ఈనాడు మనం వినే మెరుపు వంటి ట్రెమొలో తారెగా చేతిలో బహుశా అంత మెరుపుగా ఉండి ఉండదని, ఇంకా మెత్తగా, గదికి సరిపడేంతగా ఉండి ఉంటుందని గురువుగారి అభిప్రాయం. అది విన్నాక నేను ఉంగరపు వేలి గోటిని సగానికి అరగదీశాను. మెరుపు కొంత తగ్గింది గాని, తీగకు గోరు తట్టుకోవడం పూర్తిగా పోయింది.

రచన మొదటి భాగం 'A మైనర్' అనే స్వరశ్రేణిలోనూ, రెండో భాగం 'A మేజర్' అనే స్వరశ్రేణిలోనూ సాగుతుంది. ఈ మార్పు దగ్గర ఏమి చేయాలన్న విషయంలో నాకు దారి చూపినది గురువుగారు కాదు, మా అమ్మ. అమ్మ వీణ వాయిస్తుంది. నాలుగో రోజు రాత్రి ఫోనులో వాయించి వినిపిస్తే, "కీరవాణిలా మొదలుపెట్టి శంకరాభరణంలోకి వచ్చావు కదరా, షడ్జం కదలలేదు గాని గాంధారం మారింది. ఆ గాంధారం దగ్గర కాస్త ఆగి, అది మాకు వినపడనియ్యి" అంది. మర్నాడు గురువుగారికి ఆ మాట చెప్పి, మేజర్ భాగంలో ఆ స్వరం మొదటిసారి వచ్చే చోట లయను రవంత సడలించి వాయించి చూపాను. ఆవిడ నా స్వరపత్రం మీద ఆ స్వరం చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టారు. సాధారణ గాంధారం నుండి అంతర గాంధారానికి మారినప్పుడు తెలుగు చెవికి కలిగే వెలుగు ఒక స్పానిష్ గురువుకు కూడా అర్థమైనందుకు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఈ రచన అల్‌హంబ్రాలోని ఫౌంటెన్ల నీటి చప్పుడును అనుకరిస్తుందని చాలామంది చెబుతారు. స్వరపత్రంలో నీటి ప్రస్తావన ఎక్కడా లేదు. అయినా మూడో రోజు మధ్యాహ్నం నేను కోట చూడడానికి వెళ్ళాను. 12 సింహాల బొమ్మల మధ్య ఉన్న ఫౌంటెన్, పొడవాటి నిశ్చలమైన కొలను ఉన్న మర్టిల్ పొదల ప్రాంగణం, దార్రో నది నుండి తెచ్చిన నీరు పారే హెనెరలీఫె తోట చూసివచ్చిన తరువాత నాకు అనిపించింది ఏమిటంటే, అక్కడి నీరు ఆర్భాటం చేయదు, సన్నని కాలువల్లో ఒకే వేగంతో పారుతుంది. నీటితో పోల్చాలని పట్టుపట్టేవారు కనీసం ఆ నెమ్మదితనాన్నయినా తమ వాయింపులోకి తెచ్చుకోవాలి.

ఇక లోపాల సంగతి. నలుగురం కలిసి కూర్చునే గంటలో ఒకరికి ట్రెమొలో మొదటి పాఠం, ఇంకొకరికి ఇదివరకే కచేరీలు చేసిన అనుభవం. ఇద్దరికీ ఒకే మాట చెప్పడం ఎవరి వల్లా కాదు. ఏ స్థాయి వారైనా రావచ్చని ముందుగా రాయడం సరి కాదు. బారె (ఒకే వేలితో అనేక తీగలను అడ్డంగా నొక్కడం) పట్టి మూడు నిమిషాలు చెయ్యి నొప్పి లేకుండా వాయించలేనివారు ఈ రచన జోలికి రావడమే తొందరపాటు. అక్కడ ఇచ్చిన స్వరపత్రం జెరాక్స్ కాపీ. అందులో ఎడమచేతి వేళ్ళ అంకెలు ఎవరో మార్చారు, ఎందుకు మార్చారో రాయలేదు. రాగంలో అక్కడక్కడా వచ్చే చిన్న అలంకార స్వరాలను బీటు మీద వేయాలా, బీటుకు ముందే వేయాలా అని రెండు సార్లు అడిగినా స్పష్టమైన జవాబు దొరకలేదు. నా దృష్టిలో ఇది చిన్న విషయం కాదు. గమకం ఎక్కడ పడాలో తెలియకుండా పల్లవి పాడడం వంటిది. కిటికీ సందులోకి తెరుచుకుంటుంది కనుక మధ్యాహ్నం పూట సామాను దొర్లించుకుంటూ పోయే యాత్రికుల చప్పుడు కూడా భరించాలి. ఉదయం పాఠం అడిగి తీసుకోవడం మంచిది.

అయిదో రోజు సాయంత్రం అదే గదిలో పది మందికి వాయించాను. మొదటి భాగాన్నీ రెండో భాగాన్నీ రెండేసి సార్లు వాయించాలి కనుక, రెండోసారి కుడిచేతిని సౌండ్‌హోల్ (గిటార్ మధ్యలోని గుండ్రని రంధ్రం) మీదికి జరిపి మెత్తగా వాయించమని గురువుగారు చెప్పారు. రెండో పేజీలో వేళ్ళు ఒకసారి తడబడ్డాయి, ఒక స్వరం పలకలేదు. కాని బొటనవేలు ఆగలేదు, నడక తప్పలేదు. ఆరేళ్ళలో మొదటిసారి, వాయిస్తూ ఉండగా నా వాయింపును నేనే వినగలిగాను.

వెళ్ళదలచినవారు తమ గిటార్ తామే తీసుకువెళ్ళాలి. అక్కడ అద్దెకు ఇచ్చే గిటార్‌కు తీగల ఎత్తు ఎక్కువ, బారె పట్టగానే చెయ్యి అలిసిపోతుంది. గోళ్ళు అరగదీసే సన్నని కాగితం, మడత పెట్టడానికి ఒక చేతిరుమాలు, ఊనికలు గుర్తు పెట్టుకోవడానికి పెన్సిలు దగ్గర ఉంచుకుంటే చాలు. వీలైతే నలుగురితో కలిసి కూర్చునే గంటలు వద్దని ముందుగానే రాసి, ఆ సమయాన్ని కూడా విడి పాఠాలుగా మార్చమని అడగండి. నేను వచ్చే ఏప్రిల్ కోసం అలాగే రాశాను, ఒప్పుకున్నారు. ఈసారి రచన చివరి భాగం మీద పని చేయాలని ఉంది. అక్కడ బొటనవేలి నడకను ఎంత నిదానంగా ఆపాలన్నది నాకు ఇంకా తెలియడం లేదు.