నాట్ రౌటర్ కొనేముందు ఆగండి, నేను ఆరు కొని ఇరుక్కున్నాను

ఒకే కంపెనీ కట్టిన ఆరు ప్యాకింగ్ మెషీన్లు, ఆరింటిలోనూ పీఎల్‌సీ (మెషీన్‌ను నడిపే చిన్న కంప్యూటర్) ఐపీ 192.168.0.1. కట్టేవాళ్లకు అదే సులువు, ఒకే ప్రోగ్రామ్ అన్నింట్లోకీ దించేస్తారు. మేమేమో ఆరింటి డేటానూ స్కాడాలోకి (మెషీన్లన్నింటినీ ఒకేచోట చూసే సాఫ్ట్‌వేర్) తెచ్చుకోవాలి, ఐపీలన్నీ ఒకటే అయితే ఒకే నెట్‌వర్క్‌లో కలపలేం. ఐపీ మారుద్దామంటే ప్రోగ్రామ్‌కు పాస్‌వర్డ్ ఉంది, ముట్టుకుంటే వారంటీ పోతుందన్నారు. సరే, మెషీన్‌కొక నాట్ రౌటర్ (లోపలి ఐపీని బయటికి వేరే ఐపీగా మార్చి చూపించేది) పెడదామనుకుని అమ్మేవాణ్ణి "నాట్ చేస్తుందా?" అని అడిగాను. "బ్రహ్మాండంగా చేస్తుంది సార్" అన్నాడు.

అది అబద్ధమేం కాదు, కాకపోతే చేసేది ఇంట్లో వైఫై రౌటర్ చేసేదే, అంటే లోపలి నుంచి బయటికి మాస్కరేడ్ (అందరినీ ఒకే ఐపీ వెనక దాచడం), బయటి నుంచి లోపలికి పోర్ట్ ఫార్వర్డింగ్ (ఒక పోర్ట్‌కు వచ్చినదాన్ని లోపల ఒక్క పరికరానికే పంపడం). వన్ టు వన్ నాట్, అంటే లోపలి ఒక్కో ఐపీకి బయట ఒక్కో ఐపీ ఇవ్వడం, లేదు. ఒక్కో మెషీన్‌లో ఫీడర్‌కు ఇంకో చిన్న పీఎల్‌సీ ఉంది, అదీ 102 పోర్ట్ మీదే మాట్లాడుతుంది. ఆ పోర్ట్ మొదటిదానికి ఇచ్చేస్తే రెండోదానికి దారి లేదు, మా స్కాడా డ్రైవర్లో పోర్ట్ నంబర్ మార్చుకునే గడి కూడా లేదు.

పోనీ పెద్ద పీఎల్‌సీ ఒక్కటైనా వస్తుందనుకుంటే అదీ రాలేదు, రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాం. రౌటర్ నుంచి పింగ్ చేస్తే పలుకుతుంది, స్కాడా నుంచి చేస్తే ఉలుకూ పలుకూ లేదు. చివరికి స్విచ్‌లో మిర్రర్ పోర్ట్ (ట్రాఫిక్ కాపీ ఇచ్చేది) పెట్టి, ప్యాకెట్లు చూపించే వైర్‌షార్క్‌లో చూస్తే మా స్కాడా 10.20.5.40 నుంచి సిన్ ప్యాకెట్ (కనెక్షన్ అడిగేది) పీఎల్‌సీ దాకా వెళ్తోంది, సెకను ఆగి మళ్లీ, ఇంకో రెండు సెకన్లకు మళ్లీ... అటు నుంచి జవాబే లేదు. పీఎల్‌సీలో గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కు దారి చూపే ఐపీ) గడి ఖాళీ! బయటి ఐపీకి జవాబు ఎటు పంపాలో దానికి తెలిస్తే కదా. గేట్‌వే నింపలేనప్పుడు లోపలి వైపు కూడా సోర్స్ నాట్ చేసి, అడుగుతున్నది పక్కనున్న 192.168.0.254 (రౌటర్ లోపలి ఐపీ) అని పీఎల్‌సీని నమ్మించాలి. ఈ డబ్బాలో ఆ సౌకర్యం లేదు.

వెనక్కి తీసుకోమంటే "బాక్స్ ఓపెన్ చేశారు, కాన్ఫిగరేషన్ మీ సమస్య" అన్నారు. డేటాషీట్‌లో "నాట్ సపోర్ట్" అనే రెండు మాటలు చూసి ఆరింటికి ఆర్డర్ పెట్టడం నా బుద్ధి తక్కువ, ఒప్పుకుంటాను.

కొనేముందు అడగాల్సిందల్లా వన్ టు వన్ ఉందా, ఎన్ని ఎంట్రీలు పడతాయి, రెండు వైపులా నాట్ చేస్తుందా అనే. నోటిమాట కాదు, మెయిల్‌లో రాయించుకోండి. ఓపీసీ యూఏ (మెషీన్ల డేటా పంచుకునే ప్రోటోకాల్) వాడేవాళ్లయితే ఇంకో తిరకాసు ఉంది, 4840 పోర్ట్ మీద కనెక్ట్ అయ్యాక సర్వరే తన లోపలి ఐపీని ఎండ్‌పాయింట్‌గా (కనెక్ట్ కావాల్సిన చిరునామాగా) చెప్తే క్లయింట్ నేరుగా అక్కడికి పోయి బోల్తా పడుతుంది. ఇక ప్రొఫినెట్ స్కాన్ (నెట్‌వర్క్‌లో పరికరాలను వెతికేది) రౌటర్ దాటి రాదు, లిస్ట్ ఖాళీగా కనిపిస్తే టెన్షన్ పడకుండా ఐపీ చేత్తో కొట్టండి.

ఇప్పుడు వేరే కంపెనీది ఒక్కటే ట్రయల్ మీద తెచ్చి ఒక్క మెషీన్‌కే పెట్టాం, వారం నుంచి డేటా వస్తోంది. పాత ఆరూ స్టోర్‌లో ఉన్నాయి.