కుక్కల ఫస్ట్ ఎయిడ్ కిట్: కొన్నేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

కుక్కల కోసమని రెడీమేడ్‌గా దొరికే ఫస్ట్ ఎయిడ్ పౌచ్ ఒకటి కొని, అప్పట్నుంచీ అందులో ఉన్నవి ఒక్కొక్కటే మార్చుకుంటూ వస్తున్నాను. మొదటి రోజు నుంచీ ఇప్పటిదాకా మిగిలినవి బ్యాగు, మొన మొద్దుగా ఉండే కత్తెర, ట్వీజర్స్, అంతే. మా ఇంట్లో రెండు కుక్కలున్నాయి. బ్రూనో పెద్దవాడు, పొదలు కనిపిస్తే దూరకుండా ఉండలేడు. చిట్టి చిన్నది, వయసు పైబడింది, ఒంట్లో బాగోకపోయినా పైకి కనపడనివ్వదు. ఒకడికి గాయాలు, ఇంకొకదానికి జబ్బులు. అందువల్ల కిట్‌లో ఏది పనికొస్తుందో, ఏది ఊరికే చోటు తింటుందో బాగా తెలిసింది.

రెడీమేడ్ కిట్ కొనడంలో తప్పులేదు. కానీ బ్యాగు కోసం కొనండి, లోపలి సామాను మీద నమ్మకం పెట్టుకోకండి. నేను కొన్నదాంట్లో మనుషులకు వేసే చిన్న ప్లాస్టర్లు చాలా ఉన్నాయి. వెంట్రుకల మీద అవి అంటవు, అంటినా కుక్క పీకి మింగేస్తుంది. ఆల్కహాల్ వైప్స్ పుండు మీద పెడితే భగ్గున మండుతుంది, ఇక ఆ కాలు మళ్లీ మన చేతికివ్వదు. దూది పోగులు గాయంలో ఇరుక్కుంటాయి. నిజంగా కావలసిన గాజుగుడ్డ మాత్రం రెండే ముక్కలు ఇచ్చారు. బ్రూనో అరికాలికి గాజుపెంకు గుచ్చుకుంటే ఆ రెండూ మొదటి నిమిషంలోనే తడిసిపోయాయి. రక్తం కారుతుంటే తడిసిన గుడ్డ తీయకూడదు, దాని మీదే ఇంకోటి పెట్టి నొక్కాలి. తీస్తే గడ్డకడుతున్న రక్తం ఊడి వచ్చేస్తుంది. అందుకే ఇప్పుడు నా కిట్‌లో అన్నిటికంటే ఎక్కువ ఉన్నది గాజుగుడ్డే.

ఎక్కువసార్లు చెయ్యి వెళ్లేది సెలైన్ మీదికి. 0.9 శాతం నార్మల్ సెలైన్ చిన్న సీసాలు, దానితోపాటు సూది లేని 20 మి.లీ. సిరంజి. గాయంలో మట్టి ఉన్నా, కంట్లో గడ్డిగింజ పడినా ముందు ధారగా కడగడమే. పుండును గుడ్డతో రుద్దడం కంటే ఇది చాలా నయం, కుక్క కూడా ఓర్చుకుంటుంది. పెద్ద సీసా చవకపడుతుంది కానీ ఒకసారి మూత తీశాక దాన్ని దాచుకోలేం, చెడకుండా ఉంచే మందేదీ అందులో ఉండదు.

కడిగాక క్రిములను చంపే పొవిడోన్ అయోడిన్ వాడతాను. సీసాలోంచి నేరుగా పోయను, పలచని టీ రంగు వచ్చేదాకా నీళ్లు కలుపుతాను. చిక్కగా పోస్తే ఎక్కువ పనిచేస్తుందని అనిపిస్తుంది కానీ అది మానాల్సిన చర్మాన్నే దెబ్బతీస్తుంది. గాయం మీద పోయగానే నురగొచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్‌దీ ఇదే సంగతి. ఆ నురగ చూస్తే శుభ్రమవుతోందన్న తృప్తి కలుగుతుంది, లోపల మాత్రం మంచి కణాలు కూడా పోతాయి. నా కిట్‌లో దానికి చోటు లేదు.

గోరు విరిగినప్పుడు రక్తం ఆపే స్టిప్టిక్ పౌడర్ చిన్న డబ్బాకు పూర్తి మార్కులు. బ్రూనో పాదం గోరు మొదలు దగ్గర చీలితే గదంతా ఎర్రటి అడుగులు పడ్డాయి. చిటికెడు పొడి రక్తం వస్తున్న చోట అద్ది, గాజుగుడ్డతో నొక్కి పట్టుకుని, ఫోన్‌లో ఐదు నిమిషాల టైమర్ పెట్టాను. ఆగిందా లేదా అని మధ్యలో ఎత్తి చూడకుండా ఉండటమే ఇక్కడ అసలు కష్టం. టైమర్ మోగాక చూస్తే ఆగింది. పొడి కాస్త మండుతుంది కాబట్టి ఇంకొకరు తల దగ్గర కూర్చుని కబుర్లు చెబుతుంటే మేలు. ఇది గోళ్లకే, లోతు గాయాల్లో చల్లకూడదు.

కట్టు విషయంలో తనకు తానే అంటుకునే సాగే బ్యాండేజీ చాలా గొప్ప వస్తువు, జాగ్రత్త లేకపోతే అంత ప్రమాదం కూడా. చుట్టలోంచి లాగుతూ నేరుగా కాలికి చుడితే తెలియకుండానే బిగిసిపోతుంది. ముందు కావలసినంత విప్పేసి, వదులుగా మళ్లీ చుట్టుకుని, అప్పుడు కాలికి చుడతాను. అడుగున పుండుకు అతుక్కోని ప్యాడ్, మధ్యలో మెత్తటి పొర, పైన ఇది. పాదానికి కట్టేటప్పుడు మధ్య రెండు వేళ్ల కొసలు బయటికి కనపడేలా వదులుతాను. వాటి గోళ్లు ఎడంగా జరుగుతున్నాయంటే వాపు వచ్చిందన్నమాట, వెంటనే విప్పాలి. వేళ్లు చల్లబడినా అంతే. బయటికి తీసుకెళ్లేటప్పుడు పైన ప్లాస్టిక్ సంచి తొడిగి, ఇంట్లోకి రాగానే తీసేస్తాను. తడిసిన కట్టు కింద చర్మం పాడైపోతుంది.

చిట్టికి ఈ గొడవలేవీ లేవు. దానికి పనికొచ్చింది డిజిటల్ థర్మామీటరు. కుక్క మామూలు టెంపరేచర్ సుమారు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. మన లెక్కలో జ్వరం, దాని లెక్కలో ఆరోగ్యం. ముక్కు తడిగా ఉందా, చెవులు వేడిగా ఉన్నాయా అని చేత్తో చూడటం వల్ల ఏమీ తేలదు. కొసకు పెట్రోలియం జెల్లీ రాసి, తోక కొద్దిగా ఎత్తి, మలద్వారంలోకి సుమారు ఒక అంగుళం మెల్లగా పెట్టి బీప్ వచ్చేదాకా ఆగాలి. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే దీన్ని అలవాటు చేశాను. దానివల్ల చిట్టికి టెన్షన్ పోయింది, దాని మామూలు రీడింగ్ ఎంతో నాకూ తెలిసింది. ఒకరోజు తిండి ముట్టకుండా మూల పడుకుంటే చూశాను, 104 దాటింది. డాక్టరు గారికి ఫోన్‌లో "డల్‌గా ఉందండీ" అనడానికీ, అంకె చెప్పడానికీ చాలా తేడా ఉంది. వెంటనే తీసుకురమ్మన్నారు.

థర్మామీటరుతో పాటు ఒక అట్ట ముక్క మీద కొన్ని గుర్తులు రాసి పెట్టాను. విశ్రాంతిలో ఊపిరి నిమిషానికి 10 నుంచి 30. పంటి చిగురు గులాబీ రంగులో ఉండాలి, వేలితో నొక్కి వదిలితే తెల్లబడ్డ చోటు రెండు సెకన్లలోపు మళ్లీ రంగుకు రావాలి. కొన్ని కుక్కల చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి, అప్పుడు కింది కనురెప్ప లోపలి రంగు చూడాలి. ఎండదెబ్బ గురించీ రాశాను: ముందు ఒళ్లంతా నీళ్లు పోసి ఫ్యాన్ గాలి తగలనివ్వడం, ఆ తర్వాతే ఆసుపత్రికి బయలుదేరడం, టెంపరేచర్ 103.5 దగ్గరికి దిగగానే నీళ్లు ఆపేయడం.

చాలామంది వద్దనుకునేది మూతిబుట్ట. నా దృష్టిలో అది లేని కిట్ అసలు కిట్టే కాదు. ఎంత ప్రేమగా ఉండే కుక్కయినా విరిగిన కాలు తాకితే కరుస్తుంది, అది దాని తప్పు కాదు. నోరు తెరిచి ఒగర్చడానికి వీలిచ్చే బుట్టరకం తీసుకుని, లోపల చిరుతిండి పెట్టి ముందే అలవాటు చేయాలి. వాంతులవుతున్నా, ఊపిరి ఆడకపోతున్నా మాత్రం తొడగకూడదు.

మందుల అర దాదాపు ఖాళీ. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మనుషుల నొప్పి మాత్రలు కుక్క ప్రాణం మీదికి తెస్తాయి. నొప్పికి పూసే జెల్ కూడా అంతే, నాకితే లోపలికి పోతుంది. కుక్కకు విషమయ్యే చాక్లెట్, ద్రాక్ష, జైలిటాల్ (చక్కెర బదులు వాడే తీపి) ఉన్న చూయింగ్ గమ్ లాంటివి తింటే ఇంట్లో కక్కించడానికి ఏదైనా పెట్టుకోవచ్చా అని మా వెటర్నరీ డాక్టరు గారిని అడిగాను. వద్దన్నారు. యాసిడ్, కిరోసిన్, పదునైన వస్తువు మింగినప్పుడు కక్కిస్తే ఇంకా ముప్పు, ఆ కంగారులో మనం తేడా పోల్చుకోలేం అన్నారు. దానికి బదులు ఒక జిప్ కవర్ ఉంచాను. తిన్నదాని రేపర్, మాత్రల స్ట్రిప్ అందులో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తడమే. ఏది, ఎంత, ఎప్పుడు తింది? అక్కడ వాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే.

గోమార్లు (రక్తం పీల్చే టిక్స్) తీసే చిన్న ప్లాస్టిక్ కొక్కెం తప్పక ఉండాలి. నిప్పు చూపించడం, నూనె పోయడం లాంటివి చేయొద్దు.

కొన్నిటికి కిట్‌తో ఇంట్లో వైద్యం చేస్తూ కూర్చోకూడదు, నేరుగా ఆసుపత్రికే. పొట్ట ఉబ్బి, కక్కబోయినా ఏమీ రాకపోవడం, పాముకాటు, మూర్ఛ ఆగకపోవడం, ఇంకో కుక్క కరవడం. కుక్క కాటు పైకి రెండు చిన్న రంధ్రాల్లా కనిపిస్తుంది, లోపల కండ చిరిగి ఉంటుంది. చేతికి గ్లౌజులు వేసుకుని రక్తం కారే చోట నొక్కిపట్టి, రేబిస్ టీకా కార్డు తీసుకుని బయలుదేరడమే. అందుకే కార్డు ఫొటోకాపీ, రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి నంబరు బ్యాగు బయటి జేబులోనే పెట్టాను.

బ్యాగు మీద ఫిర్యాదు ఒకటుంది. జిప్పు సగం వరకే తెరుచుకుంటుంది, ఒక చేత్తో కుక్కను పట్టుకుని రెండో చేత్తో వెతకడం నరకం. పుస్తకంలా పూర్తిగా తెరుచుకునేదాన్నే ఎంచుకోండి. ఎండలో ఆపిన కారులో వదిలేస్తే బ్యాండేజీల జిగురు పోతుంది, మందులు పాడవుతాయి. ఏడాదికి రెండుసార్లు ఎక్స్‌పైరీ తేదీలు చూసి మారుస్తున్నాను.

ఇంకా వెతుకుతున్నది బ్రూనోకి సరైన మెడ కోన్, అంటే గాయం నాకకుండా మెడకు తొడిగేది. మెత్తటి గుడ్డది చిట్టికి హాయిగా ఉంది, అది పెట్టుకునే నిద్రపోతుంది. బ్రూనో మాత్రం దాన్ని వంచేసి పాదం నాకేస్తాడు. ప్రస్తుతానికి వాడికి గట్టి ప్లాస్టిక్‌దే వేస్తున్నాను. అది బ్యాగులో పట్టదు కాబట్టి అలమర వెనక వేలాడుతోంది.